"అంత చిన్న మాటకే బాధపడతావా?": రోజువారీ లింగ వివక్ష, ఆడవాళ్ల మానసిక ఆరోగ్యం – తరచుగా అడిగే ప్రశ్నలు

కట్నం వేధింపులకు, దాడులకు, ఆఫీసుల్లో లైంగిక వేధింపులకు చట్టాలున్నాయి. వాటి గురించి వార్తలూ వస్తాయి. ఈ పేజీ ముఖ్యంగా వాటి గురించి కాదు. నవ్వుతూ అనేసే మాటలు, ప్రేమగా చెప్పే జాగ్రత్తలు, ఎవరూ పట్టించుకోని అలవాట్లు ఉంటాయి. ఎవరికైనా చెప్పుకుందామంటే "ఇందులో ఏముంది?" అంటారు. అలాంటి వాటి వల్ల మనసుకు ఏమవుతుందో, ఏం చేయొచ్చో ఇక్కడ చెప్పుకుందాం.

దేన్ని రోజువారీ వివక్ష అంటున్నారు? ఒక ఉదాహరణ చెప్పండి.

బంధువులొచ్చిన ఆదివారం మధ్యాహ్నం చూడండి. మొదటి విడతలో మగవాళ్లు, పిల్లలు తింటారు. కూతుళ్లు, కోడళ్లు వడ్డిస్తారు. బ్యాంకులో ఆఫీసరుగా చేసే కోడలైనా సరే, గరిటె పట్టుకుని నిలబడాల్సిందే. వాళ్లు కూర్చునేసరికి మూడవుతుంది. అప్పటికి గిన్నెలో అడుగున పులుసు, రెండు కోడి మెడ ముక్కలు ఉంటాయి. చెయ్యి కడుక్కొచ్చిన పెద్దాయన ఒకరు "మీరూ తినెయ్యండమ్మా, ఎంతసేపు ఆ కబుర్లు" అంటారు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. అందరూ మంచివాళ్లే. కానీ ఆ ఇంట్లో ఎవరి ఆకలి ముందు, ఎవరి ఆకలి తర్వాత అన్నది మాత్రం తేలిపోయింది. పక్కన నీళ్ల గ్లాసులు అందిస్తున్న పదేళ్ల పిల్లకు కూడా తెలిసిపోయింది.

ఇలాంటివి చాలా ఉన్నాయి. ఫ్లాట్ చూడ్డానికి వెళితే బిల్డర్ మనిషి ఆవిడకు వంటిల్లు చూపించి, ధర ఆయనతో మాట్లాడతాడు. ఈఎంఐలో సగం ఆవిడ జీతంలోంచే వెళ్తుంది. కారు ఎక్కడైనా తడబడితే "లేడీ డ్రైవర్ అయ్యుంటుంది" అంటారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజూ పెళ్లాం జోకు ఒకటి వస్తుంది. దాని కింద నవ్వు బొమ్మ పెట్టకపోతే "వదినకు కోపం వచ్చినట్టుంది" అని ఇంకో జోకు.

మంచి ఉద్దేశంతో అన్న మాట కూడా వివక్షేనా?

అవ్వొచ్చు. పైగా గుర్తుపట్టడం కష్టం కాబట్టి మరింత ఇబ్బంది పెడుతుంది.

1996లో పీటర్ గ్లిక్, సుజన్ ఫిస్క్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ వివక్షలో రెండు రకాలున్నాయని చూపించారు. ఒకటి బాహాటంగా చులకన చేసేది: "ఆడవాళ్లకు ఏం తెలుసు?" రెండోది ఆదరంగా ఉండేది: ఆడవాళ్లు సుకుమారులు, వాళ్లను కాపాడుకోవాలి, పెద్ద బాధ్యతలు వాళ్ల మీద పెట్టకూడదు అన్నది. రెండూ చివరికి ఆడమనిషి స్థానం ఒక మెట్టు కిందే అని చెబుతాయి. రెండోదానికి మనం థాంక్స్ కూడా చెప్తాం.

ఆఫీసులో మేనేజరు పిలిచి, "పాప ఇంకా చిన్నది కదమ్మా, నీకు ఇబ్బందవుతుందని ఆన్‌సైట్‌కు వేరేవాళ్ల పేరు పంపాను" అంటాడు. ఆయన గొంతులో నిజంగానే జాలి ఉంది. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. అదే వయసు పాప ఉన్న మగ సహోద్యోగిని కూడా ఎవరూ అడగలేదు, అతని పేరు వెళ్లిపోయింది. ఆమె బయటికొచ్చి, కోపం తెచ్చుకోవాలో, కృతజ్ఞతగా ఉండాలో తెలియక సీట్లో కూర్చుంటుంది.

బెల్జియంలో డార్డెన్ అనే పరిశోధకుడి బృందం 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో ఉద్యోగ పరీక్షకు ముందు కొందరు మహిళలకు చులకన మాటలు, కొందరికి ఇలాంటి ఆదరపు మాటలు వినిపించారు. పరీక్షలో ఎక్కువగా వెనకబడింది ఆదరపు మాటలు విన్నవాళ్లు. చులకన మాటను ఇది ఆ మనిషి కుసంస్కారం అని పక్కన పెట్టేయగలిగారు. తియ్యటి మాట మాత్రం "నేను చేయగలనా?" అన్న అనుమానంగా మారి, పరీక్ష రాస్తున్నంతసేపూ బుర్రలో తిరిగింది.

ఇంత చిన్న విషయాలకు మనసు పాడవుతుందా? నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఈ అనుమానం కూడా ఆ వివక్ష చేసే పనిలో భాగమేనని నా నమ్మకం.

ఎవరైనా మొహం మీద తిడితే బాధ కలుగుతుంది, కోపం వస్తుంది, కానీ ఏం జరిగిందో స్పష్టంగా తెలుసు. చిన్న మాట అలా కాదు. కావాలనే అన్నాడా? మామూలుగా అన్నాడా? నాకే అలా అనిపించిందా? అడిగితే బాగుంటుందా? అడిగితే "సరదాకన్నాను, దానికే సీరియస్ అయిపోతే ఎలా" అంటాడేమో? ఒక్క మాటకు ఇన్ని ప్రశ్నలు. అన్నవాడు అప్పుడే మర్చిపోయాడు. విన్న మనిషి రాత్రి పదకొండింటికి గిన్నెలు సర్దుతూ కూడా అదే మాట తిప్పి తిప్పి ఆలోచిస్తుంటుంది. ఇలా ఒకే సంగతిని పదే పదే నెమరేసుకోవడం డిప్రెషన్‌కు దారితీసే అలవాట్లలో ముఖ్యమైనదని మానసిక శాస్త్రం చాలాకాలంగా చెబుతోంది.

రెండో సంగతి, ఇది ఒక్కసారితో పోదు. 2001లో జానెట్ స్విమ్, ఆమె సహచరులు అమెరికాలో కాలేజీ విద్యార్థులతో రోజువారీ డైరీలు రాయించారు. అమ్మాయిలకు వారానికి ఒకటి రెండు సార్లు వివక్ష ఎదురవుతోందని తేలింది. అలాంటివి ఎదురైనప్పుడు కోపం, దిగులు పెరగడం, తమ మీద తమకున్న గౌరవం తగ్గడం కనిపించాయి. చెప్పులో రాయి చిన్నదే, కానీ దాంతోనే రోజంతా నడవాలి.

మూడోది ముందుజాగ్రత్త. ఒకటి రెండు దెబ్బలు తిన్నాక మనిషి ముందే కాచుకోవడం మొదలుపెడుతుంది. ఈ చీర కట్టుకుంటే ఏమంటారో, గట్టిగా మాట్లాడితే గయ్యాళి అంటారేమో, నవ్వితే చనువు ఇచ్చిందనుకుంటారేమో. ఈ లెక్కలన్నీ వేసుకున్నాకే గదిలోకి అడుగుపెడుతుంది. పక్కనున్న మగవాడికి ఆ పని లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డిప్రెషన్ మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఒకటిన్నర రెట్లు ఎక్కువ. దీనికి హార్మోన్లు, కాన్పులు, పేదరికం, హింస, నిద్రలేమి లాంటి కారణాలు చాలా ఉన్నాయి. ఒక జోకు వల్ల ఎవరికీ డిప్రెషన్ రాదు. కానీ అప్పటికే అలసిపోయిన మనసు మీద ఈ మాటలు రోజూ పడుతుంటే, అవి కూడా లెక్కలోకి వస్తాయి. మీరు ఎక్కువ ఆలోచించడం లేదు. మీ చేత ఎక్కువ ఆలోచింపజేస్తున్నారు.

దీని ప్రభావం మనసు మీద పడుతోందని ఎలా తెలుస్తుంది?

మన దగ్గర చాలామంది "దిగులుగా ఉంది" అనరు. "తల బరువుగా ఉంది", "ఒళ్లంతా నొప్పులు", "గుండెల్లో దడ", "అన్నం సయించట్లేదు" అంటారు. చిన్నదానికే పిల్లల మీద అరవడం, తర్వాత ఏడవడం, ఆదివారం సాయంత్రం అయ్యేసరికి కడుపులో తిప్పడం, ఒకప్పుడు ఇష్టమైన ముగ్గులో పాటలో ఇప్పుడు పట్టకపోవడం, ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాకపోవడం కూడా ఇందులోకే వస్తాయి. ఇంకొకటి ఎవరూ గమనించనిది: అభిప్రాయం చెప్పడం మానేస్తారు. "మీ ఇష్టం", "ఏదైనా పర్లేదు" అనేది అలవాటైపోతుంది. దాన్ని బయటివాళ్లు అణకువ అని మెచ్చుకుంటారు.

డాక్టరు దగ్గరికి వెళితే "ఏం లేదమ్మా, టెన్షన్ పడకు" అని పంపేశారు. ఏం చేయాలి?

రెండు వైపులా చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని తేలింది. నీరసం, దడ, చిరాకు దాని వల్ల రావొచ్చు, థైరాయిడ్ వల్లా రావొచ్చు. పరీక్ష చేయకుండా టెన్షన్ అంటే, "హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఒకసారి చూడండి డాక్టర్ గారూ" అని అడగండి. అలా అడగడం ఎదురుచెప్పడం కాదు. గుండెపోటు కూడా ఆడవాళ్లలో ఒక్కోసారి ఛాతీ నొప్పికన్నా ఎక్కువగా ఆయాసం, వికారం, వీపు నొప్పి, దవడ నొప్పి రూపంలో వస్తుంది. గ్యాస్ అనుకుని ఇంట్లో కూర్చోకండి.

పరీక్షలన్నీ మామూలుగా ఉంటే, బాధ అబద్ధమని కాదు, దాని మూలం వేరేచోట ఉందని అర్థం.

అప్పటికప్పుడు నోరెందుకు పెగలదు? ఇంటికొచ్చాక బోలెడు జవాబులు తడతాయి.

మీ ఒక్కరికే కాదు. 2001లో వుడ్జికా, లాఫ్రాన్స్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఉద్యోగ ఇంటర్వ్యూలో అసభ్యమైన ప్రశ్న అడిగితే ఏం చేస్తారని కొందరు అమ్మాయిలను అడిగారు. గట్టిగా నిలదీస్తామని, లేచి వెళ్లిపోతామని చాలామంది చెప్పారు. కోపం వస్తుందన్నారు. తర్వాత వేరే అమ్మాయిలను నిజంగానే ఇంటర్వ్యూకు పిలిచి అవే ప్రశ్నలు అడిగితే, జవాబు చెప్పనని ఒక్కరూ అనలేదు. వాళ్లకు ఎక్కువగా కలిగింది కోపం కాదు, భయం. బయట కూర్చుని "నేనైతే చెంప పగలగొట్టేదాన్ని" అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

నోరు పెగలని క్షణం కోసం ఒకటి రెండు వాక్యాలు ముందే సిద్ధంగా పెట్టుకుంటే పనికొస్తాయి. జోకు వేసిన మనిషితో మామూలు గొంతుతో "అంటే ఏంటండీ, నాకర్థం కాలేదు" అనండి. వివరించాల్సి వచ్చేసరికి జోకు మిగలదు. మీ మాటకు అడ్డొస్తే "ఒక్క నిమిషం, పూర్తి చేయనివ్వండి" చాలు. అప్పుడు అనలేకపోతే మర్నాడు చెప్పినా పరవాలేదు: "నిన్న మీరన్న మాట నాకు నచ్చలేదు." ఎప్పుడూ అనకూడదని మీరు నిర్ణయించుకున్నా తప్పు లేదు. ఉద్యోగం, అద్దె, కాపురం అన్నీ చూసుకుని మాట్లాడాల్సింది మీరే కాబట్టి, ఆ లెక్క మీదే.

మా ఆయన ఇంటిపనిలో హెల్ప్ చేస్తారు. అయినా నాకెందుకింత అలసట?

సాయంత్రం మెట్రోలో నిలబడి ఇంటికొస్తున్న ఒకావిడ బుర్రలో ఏముంటుందో చూడండి. గ్యాస్ బుక్ చేయాలి. దోసెల పిండి పులిసిపోయి ఉంటుంది. బాబు ప్రాజెక్టుకు రేపటికి చార్టు కావాలి, షాపు ఎనిమిదికి మూసేస్తాడు. మామగారి బీపీ మాత్రలు రెండే ఉన్నాయి. పనమ్మాయి రేపు రానంది. ఆడపడుచు కొడుకు పుట్టినరోజు, ఫోన్ చేయకపోతే మాటొస్తుంది. ఈలోగా స్కూలు నుంచి ఫోన్: పాపకు జ్వరం. స్కూలువాళ్ల దగ్గర నాన్న నంబరు కూడా ఉంది, కానీ మోగేది అమ్మ ఫోనే.

ఇంటికొచ్చాక ఆయన నిజంగానే చార్టు తెస్తారు, చెప్పాక. కూరగాయలు తరుగుతారు, ఏ కూరో చెప్పాక. చేతిపని పంచుకున్నారు, గుర్తుపెట్టుకునే పని మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయింది. దానికి సెలవు లేదు, నిద్రలో కూడా నడుస్తుంటుంది.

చేతిపని కూడా సమానంగా ఏమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేస్తున్న ఆడవాళ్లు 81 శాతం, మగవాళ్లు 26 శాతం. ఆ పని చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. అయిదేళ్లలో మారింది అంతే.

పని మొత్తంగా అప్పగించడం ఒక దారి. "మందులు తెండి" అని కాదు, "మామగారి మందుల సంగతి ఇకనుంచి మీది" అని. అయిపోతున్నాయని చూసుకోవడం, చీటీ దాచడం, కొనడం, డాక్టరు అపాయింట్‌మెంటు అన్నీ. మొదట్లో మర్చిపోతారు. గుర్తు చేయకుండా ఉండటం మీకు కష్టంగానే ఉంటుంది. కానీ గుర్తు చేస్తే పని మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

అమ్మ, అత్తగారు అన్న మాటలే ఎక్కువ బాధపెడతాయి. ఆడవాళ్లకు ఆడవాళ్లే శత్రువులు అంటారు కదా?

ఆ మాట నేను ఒప్పుకోను. ఇంట్లో నియమాలు చేసింది వాళ్లు కాదు, వాటికి కాపలా కాసే పని వాళ్లకు అప్పజెప్పారు.

2019–21 ఆరోగ్య సర్వేలోనే ఇంకో లెక్క ఉంది. చెప్పకుండా బయటికెళ్లడం, అత్తమామలను గౌరవించకపోవడం, వంట సరిగా చేయకపోవడం లాంటి కారణాల్లో ఏదో ఒకదానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు 84 శాతం. అలా అన్న మగవాళ్ల శాతం ఇంతకంటే తక్కువ. ఆడవాళ్లకు దెబ్బలంటే ఇష్టమా? కాదు. వేరే దారి లేనిచోట బతకాలంటే, జరిగేది న్యాయమేనని నమ్మడం కొంత తేలిక. "సర్దుకుపో అమ్మా" అన్న తల్లికి సర్దుకుపోవడం తప్ప మరొకటి ఎవరూ చూపించలేదు.

ఇది తెలుసుకున్నంత మాత్రాన మీ బాధ తగ్గాలని లేదు. అమ్మ అన్న మాట అందరి మాటకన్నా లోతుగా దిగుతుంది. అర్థం చేసుకోవడం ఒకటి, పడి ఉండటం వేరొకటి. అత్తగారితో "మీ రోజుల్లో మీరెలా తట్టుకున్నారు అత్తయ్యా?" అని ఒకసారి అడిగి చూడండి. కొన్ని ఇళ్లలో అక్కడినుంచి మాట మారుతుంది. కొన్ని ఇళ్లలో మారదు, అప్పుడు కాస్త దూరం పాటించడమే మందు.

ఆఫీసులో ఇలాంటివాటికి చట్టం ఉందా?

కొంతవరకే. పనిచోట లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగించాలి. పదిమంది కూడా లేని చోట్ల పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసేవాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. శరీరం గురించిన వ్యాఖ్యలు, ద్వంద్వార్థపు జోకులు, అసభ్య మెసేజ్‌లు ఈ చట్టం కిందికి వస్తాయి. "జోకే కదా" అన్నది అక్కడ చెల్లదు.

మీటింగు నోట్స్ ఎప్పుడూ మీ చేతే రాయించడం, కేకు కోయించడం, మీరు చెప్పిన ఐడియాను పది నిమిషాల తర్వాత ఇంకొకరు చెబితే మెచ్చుకోవడం ఈ చట్టానికి అందవు. వీటికి చిన్న ఏర్పాట్లు చేసుకోవాలి. నోట్స్ వంతులవారీగా రాద్దామని టీమ్‌లో ప్రతిపాదించండి. మీటింగు అయ్యాక "ఈరోజు నేను ప్రతిపాదించిన పద్ధతి వివరాలు ఇవి" అని మెయిల్ పెట్టండి. ఇంకో సహోద్యోగినితో మాట్లాడుకుని, ఒకరి మాట మరుగున పడితే రెండోవాళ్లు "ఇది ఇందాక ఆవిడ చెప్పిందే కదా" అనండి. తన గురించి తను చెప్పుకోవడం కంటే ఇది తేలిక, వినేవాళ్లూ వింటారు.

ఇదంతా చదువుకున్న, ఉద్యోగాలు చేసే వాళ్ల బాధ కాదా?

కాదు. చీరల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయిలను చూడండి. కస్టమర్లు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. బాత్రూమ్‌కు పదే పదే వెళితే అరుస్తారని నీళ్లు తాగడం తగ్గిస్తారు, మూత్రంలో ఇన్ఫెక్షన్లు, కాళ్ల వాపులు తెచ్చుకుంటారు. "ఆడపిల్లలు కదా, ఓపిక ఎక్కువ" అంటాడు యజమాని. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే మహిళలు దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. అక్కడ 2018లో చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు కల్పించారు. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. కూర్చోవడానికి ఒక స్టూలు చిన్న విషయమనుకునేవాళ్లు పన్నెండు గంటలు నిలబడి చూడాలి.

పెళ్లయ్యాక అమెరికా వచ్చాను. "ఇంట్లో ఖాళీయే కదా" అంటారు. దీన్నీ ఇందులో చేర్చొచ్చా?

తప్పకుండా. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చేది హెచ్-4 వీసా. దాని మీద వచ్చినవాళ్లలో బీటెక్, ఎంటెక్ చదివి ఇండియాలో ఉద్యోగం చేసిన తెలుగు అమ్మాయిలు చాలామంది. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యాభర్తలకు పని అనుమతి ఇస్తున్నారు, కానీ అది భర్త లేదా భార్య గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే సాధారణంగా దొరుకుతుంది. అప్పటిదాకా సొంత సంపాదన లేదు, పలకరించే మనుషులు తక్కువ. చదువు పెట్టెలో సర్టిఫికెట్‌గా ఉంటుంది. పైనుంచి ఇండియా ఫోన్లలో "నీకేం, హాయిగా ఉన్నావు". హాయిగా లేనని చెప్పడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

ఎక్కడ ఇది "చిన్న మాట" దాటి హింస అవుతుంది?

2005 గృహహింస చట్టం దెబ్బలకే పరిమితం కాదు. అవమానించడం, ఎగతాళి చేయడం, చెడ్డ పేర్లతో పిలవడం, ముఖ్యంగా పిల్లలు లేరని, మగపిల్లాడు లేడని అవమానించడం మాటల ద్వారా, మానసికంగా చేసే హింసేనని అందులో స్పష్టంగా రాశారు. మీ ఫోన్ తనిఖీ చేస్తుంటే, జీతం లాక్కుంటుంటే, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోతే, ఇంటికి వెళ్లాలంటేనే భయమేస్తుంటే ఇది ఈ పేజీ పరిధి దాటిపోయింది. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి. అత్యవసరమైతే 112.

నేను మగవాణ్ని. నేనేం చేయగలను?

మీ వాట్సాప్ గ్రూపులో పెళ్లాం జోకు వచ్చినప్పుడు "ఇలాంటివి వద్దు బావా" అని ఒక్క మాట రాయండి. అది మీ చెల్లెలు రాస్తే గొడవ, మీరు రాస్తే సలహా. ఆ తేడాను ఆమె కోసం వాడండి. విందులో మొదటి విడతలో కూర్చోకుండా వడ్డన అందుకోండి. స్కూల్లో మొదటి నంబరుగా మీది రాయించండి. ఆమె తన బాధ చెప్పినప్పుడు "వాడు అలాంటివాడు కాదులే" అనకండి. వాడి గుణం గురించి ఆమె అడగలేదు, జరిగింది చెప్పింది.

కౌన్సెలింగ్‌కు ఎప్పుడు వెళ్లాలి? ఇంట్లో ఏమని చెప్పాలి?

నిద్ర పట్టకపోవడం, దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ఆగొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెంటనే మాట్లాడండి. టెలి మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఇది. ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అవసరమైతే వాళ్లే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు.

ఇంట్లో చెప్పే వీలు లేకపోతే చెప్పనక్కర్లేదు. మేడ మీద బట్టలు ఆరేస్తూ మాట్లాడేవాళ్లున్నారు, ఆఫీసు కారు పార్కింగులో కూర్చుని మాట్లాడేవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత చికిత్స చేసేవాళ్లది. కౌన్సెలర్ కూడా "సర్దుకుపోవాలమ్మా, ఆడదానివి" అంటే ఆ ఫీజు కట్టి బయటికి వచ్చేయండి, ఇంకొకరిని చూసుకోండి. మొదటి మనిషితో కుదరకపోవడం మామూలే.